కాడ బయటికి, పువ్వు లోపలికి

పిల్లలతో మనం: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో పిల్లల జలుబు గురించో బరువు గురించో అడిగినవారు తక్కువ. పిల్లలను పెంచుతూ తమకేమవుతున్నదో అడిగినవారు ఎక్కువ. అంగన్‌వాడీ సూపర్‌వైజరుగా దేవరకొండ, మర్రిగూడ ప్రాంతాల్లో 28 ఏళ్లు తిరిగిన నన్ను ఆ కాలంలో ఒక్క తల్లి కూడా ఈ ప్రశ్న సూటిగా అడగలేదు. అడగడానికి వాళ్లకు తీరిక ఉండేది కాదు, రాసుకోవడానికి మా రిజిస్టర్లలో గడి ఉండేది కాదు. ఈ తరం నోరు తెరిచి అడుగుతున్నందుకు నాకు నిజంగా సంతోషంగా ఉన్నది. అందుకే ఈసారి నాలుగు ఉత్తరాలనే తీసుకున్నాను. పేర్లు అచ్చు వేయవద్దని నలుగురూ కోరారు.

ప్రశ్న: నేను ఎమ్మెస్సీ, బీఈడీ చదివాను. నల్లగొండలో ఒక ప్రైవేటు పాఠశాలలో నాలుగేళ్లు గణితం చెప్పి, పాప పుట్టాక మానేశాను. ఇప్పుడు దానికి రెండున్నరేళ్లు. నా భర్త మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు చూస్తారు. పొద్దున ఏడింటికి వెళ్తే రాత్రి తొమ్మిదింటికి వస్తారు. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు. నాతో చదివిన ఇద్దరు డీఎస్సీలో ఉద్యోగాలు తెచ్చుకున్నారు. నేను మాత్రం పొద్దంతా తినిపించడం, తుడవడం, "ఇదేంది?" అంటే చెప్పడం, మళ్లీ అడిగితే మళ్లీ చెప్పడం. మొన్న బతుకమ్మ పేరుస్తుంటే పాప వచ్చి రెండు వరుసలు పీకేసింది. గట్టిగా అరిచాను. అది భయపడి అత్తమ్మ వెనక దాక్కున్నది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పిల్లల పెంపకం ఆనందమంటారు. నాకు అలసట తప్ప ఏదీ కనిపించడం లేదు. నా ఎదుగుదల ఆగిపోయిందనిపిస్తున్నది. ఇలా అనిపించడం తప్పా?
ఒక తల్లి, నల్లగొండ

జవాబు: తప్పు కాదమ్మా. మీరు గణితం చెప్పినవారు కనుక ముందు మీ రోజునే లెక్క వేద్దాం. మీ భర్త ఇంట్లో లేని 14 గంటలూ మీరొక్కరే ఒక బిడ్డను కనిపెట్టుకుని ఉంటున్నారు. పాప పగలు పడుకునే గంటో గంటన్నరో వంటకూ బట్టలకూ సరిపోతుంది. బడిలో పీరియడుకూ పీరియడుకూ నడుమ గంట కొడతారు. మీ ఇంట్లో ఆ గంట కొట్టేవారు లేరు. అలసిన కంటికి ఎదుట ఉన్న ఆనందం కూడా ఆనదు. కాబట్టి మొదటి మాటగా, ప్రతి ఆదివారం మూడు గంటలు పాపను పూర్తిగా దాని తండ్రికి అప్పగించండి. ఆ మూడు గంటల్లో మీరు నిద్రపోతారో, డీఎస్సీ పుస్తకం తెరుస్తారో, పానగల్లు చెరువు గట్టు మీద నడిచి వస్తారో మీ ఇష్టం. ఇందుకు ఆయనను బతిమాలుకోవలసిన పని లేదు, నెమ్మదిగా కూర్చోబెట్టి చెప్పండి. ఉద్యోగం చేయాలన్న కోరికను చంపుకోకండి. అది మీ ఎదుగుదలలో ఒక పాయ, దానికి కాలం దాటిపోలేదు.

రెండో పాయ గురించే నేను ఎక్కువగా చెప్పదలచుకున్నాను, ఎందుకంటే అది మీ ఇంట్లో, మీ కళ్ల ముందే పారుతున్నది. రేపు గాజుల పెట్టె పాప ముందు పెట్టి, "నాకు మూడు గాజులు ఇవ్వు" అని అడిగి చూడండి. ఈ వయసు పిల్లల్లో ఒకటి నుంచి పది దాకా గడగడా ఒప్పజెప్పేవాళ్లు కూడా మూడు అడిగితే గుప్పెడు తీసి ఇస్తారు. "ఒకటి ఇవ్వు" అంటే మాత్రం చాలామంది సరిగ్గా ఒక్కటే ఏరి ఇస్తారు. అంటే వాళ్లకు ఒకటి అనేది సంఖ్య అయింది, మూడు ఇంకా నోటి మాటగానే ఉన్నది. కొన్ని నెలలకు రెండు కూడా సంఖ్య అవుతుంది, ఆ తరువాత మూడు. లెక్కపెట్టినప్పుడు చివర పలికిన మాటే మొత్తం ఎన్నో చెబుతుందన్న సంగతి చాలామందికి మూడున్నర, నాలుగేళ్ల నడుమ తెలిసివస్తుంది. నాలుగేళ్లు మీరు తరగతి గదిలో గణితం చెప్పారు. సంఖ్య అనేది ఒక మనిషి బుర్రలో మొలకెత్తడాన్ని అప్పుడు ఒక్కసారైనా చూశారా? మీ దగ్గరకు వచ్చేసరికి అది చెట్టై ఉండేది. ఇప్పుడు దాని విత్తనం దగ్గర కూర్చున్నారు.

జీన్ పియాజే (1896–1980) పేరు మీరు బీఈడీలో చదివే ఉంటారు. పరీక్షల కోసం ఆయన చెప్పిన దశల పేర్లను వల్లె వేస్తాం గాని, ఆ స్విట్జర్లాండు పండితుడు శిశువుల బుద్ధి గురించి చెప్పినదానిలో చాలా భాగం తన ముగ్గురు పిల్లలను ఉయ్యాల నాటి నుంచి గమనించి రాసుకున్న పరిశీలనల మీదనే నిలబడి ఉన్నదని మరిచిపోతాం. ఒక బొమ్మ మీద గుడ్డ కప్పితే బిడ్డ ఏం చేస్తున్నది, ఏ నెలలో గుడ్డ తీసి వెతుకుతున్నది అన్నటువంటివే ఆయన చూసినవి. మీ పాపకు నాలుగైదేళ్లు వచ్చాక ఒకే కొలత నీళ్లను పొడవాటి గ్లాసులో ఒకసారి, వెడల్పాటి గిన్నెలో ఒకసారి దాని ఎదుటనే పోసి, ఎందులో ఎక్కువున్నాయని అడగండి. గ్లాసులోనే ఎక్కువని ఖండితంగా చెబుతుంది. మీరు గ్లాసులోనుంచి గిన్నెలోకి పోసి చూపినా మాట మార్చదు. ఏడేళ్లు దాటాక అదే ప్రశ్న వేస్తే మీ తెలివిని అనుమానిస్తుంది. ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకుని, తేదీ వేసి, రోజుకు రెండు వాక్యాలు రాయండి. రేపు మీరు మళ్లీ బడికి వెళ్లినప్పుడు, లెక్క తప్పు చేసిన పిల్లవాణ్ణి చూసే మీ చూపు మునుపటిలా ఉండదు. నేను పనిచేసిన చోట తల్లులైన టీచర్లలో ఈ మార్పును ఎన్నోసార్లు చూశాను, అందుకే ధైర్యంగా చెబుతున్నాను.

ఇక బతుకమ్మ సంగతి. రెండేళ్ల కిందట సద్దుల బతుకమ్మ నాడు మా మనుమరాలు నా పక్కన వచ్చి కూర్చున్నది. అప్పటికి దానికి మూడేళ్లు నిండి రెండు నెలలు. తాంబాళంలో ఆకులు పరిచి, తంగేడు వరుస పూర్తి చేసి, రంగులద్దిన గునుగు పేరుస్తున్నాను. అదీ ఒక గునుగు తీసుకుని కాడ బయటికి, పువ్వు లోపలికి పెట్టింది. నేను తిప్పాను. అది మళ్లీ మార్చింది. మూడుసార్లు ఇలా అయ్యాక నాకు విసుగు నోటిదాకా వచ్చింది, అవతల ఆడవాళ్లు బయలుదేరే వేళవుతున్నది. ఎందుకో ఆగి, "అట్లెందుకు పెడుతున్నవు బిడ్డా?" అని అడిగాను. నా వైపు చూడకుండానే, "ఎండ కొడ్తది నానమ్మా, లోపట పండుకుంటది" అన్నది. యాభై ఏళ్లుగా నేను బతుకమ్మ పేరుస్తున్నాను. తెల్లవారుజామున కోసుకొచ్చిన పువ్వుకు సాయంత్రం దాకా ఎండ కొడుతుందన్న ఆలోచన నాకు ఒక్కసారి కూడా రాలేదు. ఆ వరుసను అట్లాగే వదిలేశాను. ఆ ఏడు మా బతుకమ్మకు ఒక పక్క కాడలే కనిపించాయి, చూసినవాళ్లు అడిగారు, అడిగిన ప్రతివారికీ నేను దాని మాటే చెప్పాను.

మీ పాప వరుసలు పీకింది చెడగొట్టాలని కాదని మీకూ తెలుసు. అమ్మ చేతులు చేసే పనిని తన చేతులతోనూ చేయాలన్నది ఈ వయసు ఆకలి. కూర తరిగేటప్పుడు, పప్పు ఏరేటప్పుడు, ఇల్లు ఊడ్చేటప్పుడు అదే ఆకలి. వచ్చే ఏడు ఒక చిన్న పళ్లెం, నాలుగు గుమ్మడాకులు, గంపెడు పూలలోనుంచి రెండు దోసిళ్లు దాని ముందు పెట్టండి. అంతవరకు రోజూ రొట్టె చేసేటప్పుడు చిన్న పిండి ముద్ద ఇవ్వండి. వంటకు పావుగంట ఎక్కువ పడుతుంది, పట్టనివ్వండి. మూడేళ్లు వచ్చేసరికి మెదడు పెద్దవారి మెదడు పరిమాణంలో సుమారు 80 శాతానికి పెరిగి ఉంటుందని వైద్యులు చెబుతారు. అది మీ వంటింట్లో, ఆ పిండి ముద్ద మీద చేతులాడిస్తూనే పెరుగుతున్నది.

ఆనందం కనిపించడం లేదన్నారు కనుక మరొకటి కూడా చెప్పాలి. మర్రిగూడ, నాంపల్లి వైపు బోరు నీళ్ల సంగతి నల్లగొండ వారికి నేను చెప్పనక్కర్లేదు. తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదంటే, అక్కడ అంతకు ఎన్నో రెట్లుండేది. కాళ్లు వంగినవారు, నడుము ఎత్తలేనివారు వాడవాడనా కనిపించేవారు. 1990లలో ఒక మధ్యాహ్నం నేను ఒక ఇంటికి బిడ్డ బరువు తూచడానికి వెళ్లాను. తల్లికి పాతికేళ్లుంటాయి, మోకాళ్లు అప్పటికే వంగి ఉన్నాయి. పదమూడు నెలల కొడుకు నులక మంచం పట్టె పట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను సంచిలోనుంచి త్రాసు తీస్తుండగా వాడు పట్టె వదిలేసి, మెరిసే కొక్కెం వైపు రెండడుగులు వేసి కూలబడ్డాడు. అవే వాడి మొదటి అడుగులు. ఆ తల్లి చప్పట్లు కొట్టలేదు, వాణ్ణి పిలవలేదు. తొడ నుంచి మడమ దాకా వాడి కాళ్లనే చూస్తూ, "మేడం, సక్కగనే ఉన్నయా?" అని అడిగింది. చక్కగా ఉన్నాయన్నాను. మళ్లీ అడిగింది. మూడోసారి అడిగినప్పుడు జవాబు చెప్పబోతే నాకు గొంతు పట్టింది. వంకర వచ్చేది తరువాతి ఏళ్లలోనని నాకు తెలుసు, ఆమెకు నాకంటే బాగా తెలుసు. కొడుకు తాగే నీళ్లను ఆమె వేరే ఊరి నుంచి బిందెతో తెప్పిస్తున్నదని, తాను మాత్రం బోరు నీళ్లే తాగుతున్నదని ఆ తరువాత పక్కింటివాళ్లు చెప్పారు. నా రిజిస్టరులో నేను "నడక: 13 నెలలు" అని రాసుకున్నాను. నా సొంత కొడుకు మొదటి అడుగు వేసిన నాడు నేను టూరులో ఉన్నాను. ఇంటికి వచ్చి ఆ రాత్రి, నిద్రపోతున్న వాడి కాళ్లను మొదటిసారి తీరికగా చూశాను.

మీ పాప ఇప్పుడు పరుగెత్తుతున్నది. ఒక సాయంత్రం దాన్ని ఆపకుండా, పిలవకుండా, ఊరికే చూడండి.

చివరగా ఒక జాగ్రత్త. అలసట వేరు, దిగులు వేరు. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, ఊరికే ఏడుపు వస్తున్నా, బతకడం దేనికన్న ఆలోచన ఒక్కసారి తోచినా దాన్ని మీ బలహీనత అనుకోకుండా వైద్యునికి చెప్పుకోండి. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ప్రశ్న: జడ్చర్ల దగ్గర ఒక మందుల కంపెనీలో షిఫ్టు పని చేస్తాను. బాబుకు 14 నెలలు. నేను ఎత్తుకుంటే ఏడుస్తాడు, మా నాయన దగ్గరకు పోతాడు. మొన్న ఆదివారం బొమ్మలు కొనిచ్చి పిల్లలమర్రికి తీసుకుపోతే అక్కడా ఏడుపే. నా బిడ్డకు నేనే పరాయివాణ్ణి అయ్యాను. సంపాదించేది వాడి కోసమే కదా.
ఒక తండ్రి, జడ్చర్ల

జవాబు: తమ్ముడూ, మీ బాబు మిమ్మల్ని కాదనడం లేదు. ఎనిమిదో నెల ప్రాంతంలో పిల్లలకు కొత్త, పాత తెలియడం మొదలవుతుంది. ఏడాది, ఏడాదిన్నర వయసులో అది బాగా ముదురుతుంది. తనకు రోజూ స్నానం చేయించి, తినిపించి, జోకొట్టే చేతులను వాడు గుర్తు పెట్టుకుంటాడు. డబ్బు తెచ్చే చేతులు ఏవో వాడికి తెలిసే వయసు కాదు. మర్రిచెట్టు దగ్గర అంత జనంలో వాడు ఏడిస్తే అది తెలివైన ఏడుపే.

బొమ్మలూ షికార్లూ పక్కన పెట్టండి. ఏ షిఫ్టయినా సరే, మీరు ఇంట్లో ఉన్న గంటల్లో బిడ్డ పని ఒకటి పూర్తిగా మీదే కావాలి. నన్నడిగితే స్నానం. మొదటి వారం మీ నాయననే ఎత్తుకోమని, మీరు పక్కన కూర్చుని నీళ్లు పోయండి. రెండో వారం నూనె మీరు రాయండి. అరికాలికి, వేళ్ల సందులకు, చెవుల వెనక రాసేటప్పుడు బిడ్డ ముఖం చూస్తూ చేతుల్లో ఏం చేస్తున్నారో మాటల్లో చెప్పండి. పొడి తువ్వాలు మీ ముఖానికి అడ్డం పెట్టుకుని, తీసి, "బూ" అనండి. గుడ్డ వెనక మనిషి ఉన్నాడన్న నమ్మకం వాడికి కుదిరి కొద్ది నెలలే అయింది, అందుకే ఆ ఆట ఇరవైసార్లు ఆడినా ఇరవైసార్లూ వాడికి కొత్తే. మూడో వారానికి వాడే తువ్వాలు తెచ్చి ఇవ్వవచ్చు. మీ నాయన ఒడిలోనుంచి మాత్రం ఎన్నడూ గుంజుకోకండి. మీరు లేని వేళల్లో ఆయన కాచిన ప్రేమ అది, మీకు అడ్డు కాదు.

తినిపించే పని కూడా చేయగలిగితే ఇంకా మంచిది. అంగన్‌వాడీలో 7 నెలల నుంచి 3 ఏళ్ల పిల్లలకు ఇచ్చే బాలామృతం మీ ఇంట్లో ఉండే ఉంటుంది. గోరువెచ్చని పాలలో గానీ కాచి చల్లార్చిన నీళ్లలో గానీ కలపడం ఈ రాత్రే నేర్చుకోండి. మన పాలమూరులో ఏ ఇంట్లోనైనా పల్లీలు దొరుకుతాయి కనుక ఒక మాట: అయిదేళ్ల లోపు పిల్లలకు గింజలు గింజలుగా ఇవ్వవద్దు, గొంతుకు అడ్డం పడతాయి. మెత్తగా దంచి అన్నంలో కలిపితే బలం.

దేవరకొండలో నాకు తెలిసిన ఒక లారీ డ్రైవరు ఉండేవాడు. భార్య రెండో కాన్పుకు ఆసుపత్రిలో ఉన్న పదకొండు రోజులూ పెద్దబిడ్డకు తానే తల దువ్వి జడ వేశాడు. మొదటి రోజు జడ చెవి మీదకు వచ్చింది, అంగన్‌వాడీలో పిల్లలందరూ చూశారు. పదకొండో రోజుకు నడుమకు వచ్చింది. భార్య ఇంటికి వచ్చినంక కూడా ఆ పనిని ఆయన వదులుకోలేదు. ట్రిప్పు నుంచి ఎంత రాత్రి వచ్చినా పొద్దున బిడ్డ జడ తానే వేసేవాడు. "లోడు దింపినంక చేతులు వణుకుతయి మేడం, జడ అల్లితే నిలబడ్తయి" అని నాతో ఒకసారి అన్నాడు.

ప్రశ్న: నాకు చదువు రాదు, పక్కింటి అమ్మాయితో రాయిస్తున్నాను. నా కొడుకూ కోడలూ పుణె దగ్గర బిల్డింగు పనికి పోయినారు. నాలుగేళ్ల మనుమడు నా దగ్గర ఉన్నాడు. పొద్దున అంగన్‌వాడీకి పోయి వస్తాడు. వచ్చినప్పటి నుంచి ప్రశ్నలే. చందమామ మన వెంట ఎందుకొస్తున్నది, చీమలు ఎటు పోతున్నయి, అమ్మ ఎప్పుడొస్తది. తెలియదంటే ఫోను అడుగుతాడు. ఇస్తే గంటల కొద్దీ చూస్తాడు. నా దగ్గర పెరిగి వాడు వెనకబడతాడేమో.
ఒక నాయనమ్మ, నారాయణపేట ప్రాంతం

జవాబు: వెనకబడడు అక్కా. వాడు అడుగుతున్నాడంటేనే వాడి బుద్ధి చురుగ్గా ఉన్నదని అర్థం. నాలుగేళ్ల పిల్లలు జవాబు ఎంత కోరుకుంటారో, జవాబు చెప్పే మనిషి తమ వైపు తిరగాలని కూడా అంతే కోరుకుంటారు. మీరు తెలియదని చెప్పడంలో లోటు లేదు. "తెల్వదు బిడ్డా, పోయి చూద్దాం పా" అంటే చాలు. చీమల బారు వెంట ఇద్దరూ వెళ్లండి. అవి ఏ గింజ మోస్తున్నాయో, ఎదురైన చీమతో ఎట్లా ముఖం ముఖం ఆనించుకుంటున్నాయో చూపండి. మీకు కంకి చూస్తే జొన్న ఎన్ని రోజుల్లో కోతకు వస్తుందో తెలుసు, మబ్బు చూస్తే వాన వస్తుందో పోతుందో తెలుసు, సీతాఫలం కన్ను విచ్చితే పండుకు వచ్చిందని తెలుసు. ఇవన్నీ పుస్తకాల్లో చదువుకోవలసిన పిల్లలున్నారు. మీ మనుమడికి మీ చేయి పట్టుకుంటే దొరుకుతున్నాయి.

చందమామ ప్రశ్నకు జవాబు వాడికి ఇట్లా చూపండి. వెన్నెల రాత్రి వాణ్ణి బాట వెంట నడిపించండి. దగ్గరున్న వేపచెట్టు గబగబా వెనక్కి పోతుంది. దూరాన ఉన్న గుట్ట మెల్లగా పోతుంది. చందమామ గుట్టకంటే ఎంతో దూరం, దాదాపు 3,84,000 కిలోమీటర్లు, అందుకే ఎంత నడిచినా వెనకబడినట్టు కనిపించదు, మన వెంటే వస్తున్నట్టుంటుంది. ఈ అంకె వాడికి అక్కర్లేదు. చెట్టు, గుట్ట, చందమామ చాలు. నాలుగు రోజులకు వాడే పక్కింటి పిల్లలకు చెబుతుంటే మీరు వింటారు.

ఫోను విషయంలో మాత్రం గట్టిగా ఉండాలి. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలు రోజుకు గంటకు మించి తెర ముందు కూర్చోవద్దని, తక్కువైనకొద్దీ మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. వాడి వయసుకు రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర, మూడు గంటల ఆట కావాలని కూడా చెప్పింది. ఒక్కసారిగా గుంజుకోకండి. వాడు ఫోను అడిగే వేళేదో మీకు తెలుసు కదా, ఆ వేళకు కొంచెం ముందే చేతికి పని ఇవ్వండి: కోళ్లకు గింజలు చల్లడం, చెంబుతో తులసికి నీళ్లు పోయడం. రాత్రి పడుకునేటప్పుడు కథ చెప్పండి. చెప్పిన కథే మళ్లీ చెప్పమంటే విసుక్కోకండి, ముందేం జరుగుతుందో తనకు ముందే తెలియడం వాళ్లకు గొప్ప సుఖం.

అమ్మానాన్నలతో వీడియోలో మాట్లాడటం మాత్రం ఈ లెక్కలోకి రాదు. దానికి ఒక వేళ పెట్టండి, పని దిగినంక ఏడున్నర అనుకుంటే రోజూ ఏడున్నరే. "అమ్మ ఎప్పుడొస్తది" అన్నదానికి రేపు, ఎల్లుండి అని తప్పించవద్దు. ఏ పండుగకు వస్తారో వాళ్లతోనే చెప్పించి, గోడ మీద సుద్దతో గీతలు గీసి, రోజుకొకటి వాడితోనే తుడిపించండి. పాలమూరు నుంచి పనికి పోయే ఇళ్లలో ఇట్లా ఎదురుచూస్తూ పెరిగిన పిల్లలను నేను చూశాను. అబద్ధం చెప్పినప్పుడు వాళ్లు ఎక్కువ ఏడ్చేవారు. మీ వయసులో ఒక పసివాణ్ణి మళ్లీ పెంచడం చిన్న సంగతి కాదు. వాడి ప్రశ్నల పుణ్యమా అని ఈ ఉత్తరం రాయించారు. అక్షరాలు నేర్చుకోవాలనిపిస్తే అంగన్‌వాడీ టీచరమ్మను అడగండి. వాడి పలక మీదే వాడితోపాటు మొదలుపెట్టవచ్చు. మా కాలంలో అట్లా నేర్చుకున్న నాయనమ్మలు ఇద్దరున్నారు, ఇద్దరూ ముందు మనుమల పేర్లే రాశారు.

ప్రశ్న: దుకాణంలో చాక్లెట్ కోసం మూడేళ్ల బాబు నేల మీద పడి దొర్లితే అందరి ముందు చెంప మీద కొట్టాను. వాడు అన్నీ మరిచిపోయి ఆడుకుంటున్నాడు. నేను మరిచిపోలేకపోతున్నాను. పసివాడికి క్షమాపణ చెబితే నెత్తికెక్కడా?
ఒక తల్లి, సూర్యాపేట

జవాబు: ఎక్కడు. చెప్పండి. మూడేళ్ల బిడ్డకు కావాలన్న కోరిక పెద్దవాళ్లంత ఉంటుంది, దాన్ని ఆపుకునే శక్తి ఇంకా రాలేదు. దుకాణానికి వెళ్లే ముందే ఏం కొంటామో, ఏం కొనమో చెప్పండి. బిడ్డ ఆకలితోనో నిద్రతోనో ఉన్నప్పుడు వెళ్లకండి. దొర్లితే ఎత్తుకుని బయటికి వచ్చి, ఊరికే పక్కన కూర్చోండి. చాక్లెట్ మాత్రం ఇవ్వకండి.

మా అబ్బాయికి నాలుగేళ్లప్పుడు, మరునాడు తనిఖీ ఉన్నదనగా, నేను రాత్రంతా కూర్చుని పూర్తి చేసిన రిజిస్టరు మీద చెంబెడు నీళ్లు ఒలకబోశాడు. సిరా అంతా పారింది. ఆలోచించకుండా కొట్టాను, నాలుగు వేళ్లూ తేలాయి. తెల్లవారి వాడి ఎదుట నేల మీద కూర్చుని, "నేను కొట్టడం తప్పు నాన్నా, కోపం వచ్చి కొట్టాను, ఇక కొట్టను" అన్నాను. అంతకుముందు నేను ఎవరికీ అంత సూటిగా నా తప్పు ఒప్పుకున్న గుర్తు లేదు, మా ఆయనకు గానీ, మా అత్తమ్మకు గానీ. ఆ మాట నోట్లోనుంచి రావడానికి చాలాసేపు పట్టింది. వాడు విని, నా ముఖం కేసి చూసి, "అమ్మా, నీ రిజిస్టరు ఎండిందా?" అని అడిగాడు. ఇద్దరం దాన్ని అరుగు మీద ఎండలో పెట్టాం. గాలికి పేజీలు లేస్తుంటే వాడు రెండు చేతులతో అదిమి పట్టుకుని, నేను ఆఫీసుకు బయలుదేరే దాకా అక్కడే కూర్చున్నాడు.

మీరు కూడా ఈ సాయంత్రమే చెప్పండి, మూడు ముక్కల్లోనే: కొట్టాను, తప్పు, ఇక కొట్టను. "కానీ నువ్వు కూడా" అని నాలుగో ముక్క కలపకండి.